గంటమ్మ ఇంటి గొంతు

మా ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది మా వదిన గొంతు. ఆరు కాకముందే గోరువెచ్చటి నీళ్ళు పుక్కిలించి, వంటింటి తలుపు దగ్గర నిలబడి, పెదవులు మూసుకుని తుమ్మెదలాగా కాసేపు ఝుమ్మనేది. తరవాత నా గది వైపు తిరిగి, "ఏమే, సూర్యుడు నీ కోసం ఎంతసేపని ఆగుతాడు, లేస్తావా?" అనేది. ఇరవై రెండేళ్ళు ఆ మాటతోనే లేచాను. ఇప్పుడు అదే వేళకు మెలకువ దానంతటదే వస్తోంది. లేచి వెళ్ళి ఆమె గది గుమ్మం దగ్గర నిలబడతాను. లోపల ఎవరూ ఉండరని తెలుసు. అయినా ఊపిరి వినపడుతుందేమోనని చెవి పెడతాను. ఆఖరి అయిదు నెలలూ అలా చెవిపెట్టి బతికిన దాన్ని, ఆ భయం ఇంకా నన్ను వదల్లేదు.

వదిన అంటే మా ఆయన అక్క. పెళ్ళి చేసుకోలేదు. బస్‌స్టేషన్‌లో చిన్న అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎన్నింటికి బయల్దేరుతుందో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. ముప్ఫై ఒక్క ఏళ్ళు చెప్పింది. డ్రైవర్లందరూ ఆమెను గంటమ్మ అనేవాళ్ళు. నేను ఒకసారి ఆమెకు భోజనం తీసుకెళ్ళి, గదిలో మూల స్టూలు మీద కూర్చుని చూశాను. మైకు మీట నొక్కేముందు వీపు నిటారుగా పెట్టింది. కళ్ళజోడు సర్దుకుంది. ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుంది. అప్పుడొచ్చిన గొంతు నాకు తెలిసిన గొంతు కాదు. ఒక్కొక్క మాటా తోమి బోర్లించిన గిన్నెలా దేనికది విడిగా, తళతళలాడుతూ ఉంది. మీట కట్టేయగానే నా వైపు తిరిగి, "ఏంటే మొద్దూ, ఇంత ఉప్పేశావు, ఉప్పుకేమైనా దయ్యం పట్టిందా?" అంది. అది ఇంటి గొంతు. కాస్త బొంగురు, మాట చివర సాగదీత, సగం ముక్కులోంచి వెక్కిరింత. పైకి ఎప్పుడూ చెప్పలేదు గానీ, నాకు ఆ గొంతే ఇష్టం.

జబ్బు మొదట మైకులోనే కనపడింది. 'మూడో నంబరు' అన్నప్పుడు మాట మందంగా వచ్చింది. మైకులు బాగుచేసే ఆయన తీగ పాడైందని మైకు మార్చాడు. వారం తరవాత ఇంకోటి మార్చాడు. మూడో మైకు తెచ్చిన రోజు వదిన ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "పాడైంది మైకు కాదురా తమ్ముడూ" అని మా ఆయనతో నెమ్మదిగా అంది. ఆమె నెమ్మదిగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

నాలుకను కదిపే నరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడిపోతున్నాయని పెద్ద డాక్టరు చెప్పాడు. ముందు మాట పోతుంది, తరవాత మింగడం, ఆ తరవాత ఊపిరి. మందు లేదన్నాడు. మాటలకు వేరే డాక్టరమ్మ ఉంది, ఆమె వారానికొకసారి ఫోన్లో కనపడేది. ఒక వెబ్‌సైట్ పేరు కాగితం మీద రాయించింది. వేరే ఊళ్ళో ఉద్యోగం చేసే మా అమ్మాయి అది నా ఫోన్లో పెట్టి, ఎక్కడ నొక్కాలో నేర్పింది.

నేను చదివింది అయిదో తరగతి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఆ సైటంతా చదివాను. నీళ్ళు పల్చగా తాగితే ఊపిరిగొట్టంలోకి పోతాయని, పొడి కలిపి చిక్కగా ఇవ్వాలని అందులోనే తెలిసింది. మింగేటప్పుడు మాట్లాడించకూడదని, పొలమారితే ఏం చేయాలో, అన్నీ ఉన్నాయి. తెలియనన్ని రోజులు ఒక భయం. చదివాక ప్రతి గుక్కకూ ఒక భయం. ఆమె గొంతు కిందికీ పైకీ కదిలేదాకా నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

అక్కడే ఇంకొకటి కూడా ఉంది. గొంతు పూర్తిగా పోకముందే మూడు వందల పది వాక్యాలు చదివి దాచుకుంటే, ఆ గొంతుతోనే మాట్లాడే యంత్రాన్ని తయారుచేసి ఇస్తారట. తరవాత ఏం కావాలన్నా వేలితో అక్షరాలు నొక్కితే చాలు, ఫోను ఆమెలా పలుకుతుందట. వదిన అది విని, "అయితే చచ్చేదాకా నిన్ను తిట్టొచ్చన్నమాట" అంది.

చప్పుడు లేని గది కావాలన్నారు. సామాను గదిలో గోడలకు దుప్పట్లు వేలాడదీసి, ఫోను పెట్టడానికి పెట్టె మీద పెట్టె పెట్టాను. డాక్టరమ్మ చెప్పిన మాట, సైటులో రాసిన మాట ఒకటే: ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే చదవండి. నేను అది ఆమెకు చదివి వినిపించాను. వదిన తల ఊపింది. తరవాత వీపు నిటారుగా పెట్టింది. కళ్ళజోడు సర్దుకుంది. ఎడమచేత్తో పెట్టె అంచు పట్టుకుంది.

మూడో వాక్యానికే నాకు తెలిసిపోయింది. అది బస్‌స్టేషన్ గొంతు. చెప్పాలని నోరు తెరిచాను. ఇరవై రెండేళ్ళలో ఆమె మాటకు నేనెప్పుడూ దిద్దుబాటు చెప్పలేదు. పైగా, రోజురోజుకీ మందమవుతున్న ఆ నాలుక మైకు గొంతులోనే ఇంకా సరిగ్గా తిరుగుతోంది. ఆపితే మళ్ళీ మొదలుపెట్టగలదా? ఆ భయంతో నోరు మూసుకున్నాను. ఆ వాక్యాలు కూడా ఏమిటో, అర్థం పర్థం లేనివి. ఎర్ర గొర్రె ఎత్తు గుట్ట ఎక్కింది అని ఒకటి. దాన్ని ఏడుసార్లు చదవాల్సి వచ్చింది, ప్రతిసారీ ఎర్ర గుర్తు పడి ఫోను తిరగ్గొట్టింది. "ఈ గొర్రెను ముందు ఎవరైనా దింపండే" అని వదిన నవ్వింది. నవ్వితే పొలమారింది. నేను వీపు నిమురుతూ, మిగిలిన వాక్యాల అంకె వైపు చూశాను. నూట నలభై. ముందు అయ్యేది ఏది, వాక్యాలా, నాలుకా? పగలంతా నా తలలో అదే లెక్క.

ఇరవై నాలుగు రోజులు పట్టింది. ఆఖరి వాక్యం అయ్యాక వదిన గోడకు జారబడి కళ్ళు మూసుకుంది. చెమటకు మెడంతా తడిసిపోయింది.

పది రోజులకు గొంతు తయారై ఫోన్లోకి వచ్చింది. అప్పటికి ఆమె మాట మాకు సగం కూడా అర్థం కావడం లేదు. మా ఆయన పక్కన కూర్చున్నాడు. వదిన వేలితో ఒక్కో అక్షరం నొక్కింది. ఫోను పలికింది: "నీళ్ళు. కావాలి."

ఖణేలుమనే గొంతు, మాటకూ మాటకూ మధ్య ఆ ఎడం. మా ఆయన నవ్వు ఆపుకోలేక, "ఎన్నో నంబరు ప్లాట్‌ఫారానికి తెమ్మంటావక్కా?" అన్నాడు. వదిన కూడా నవ్వింది. తరవాత ఆ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. మళ్ళీ వేలు కదిపింది.

"ఇది. నేను. కాదు."

మా ఆయన లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, మూడో వాక్యానికే నాకు తెలుసు, భయపడి చెప్పలేదు అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టే గొంతు లేదు కదా. నా తల మీద చెయ్యి వేసి, మెల్లగా ఒక మొట్టికాయ వేసింది.

మళ్ళీ చదివించి చూశాం. ప్రతి వాక్యానికీ ఎర్ర గుర్తే. ఇక లాభం లేదని డాక్టరమ్మ చెప్పి, పాత మాటలేమైనా ఎక్కడన్నా మిగిలాయేమో వెతకమంది. వేలు తగిలి ఉన్నది కూడా పోతుందేమోనని, అమ్మాయి ఊరి నుంచి వచ్చేదాకా ఫోన్లో దేన్నీ ముట్టుకోలేదు. అది వచ్చి వెతికితే ఒక్కటే దొరికింది. జబ్బుకు ముందు, బస్‌స్టేషన్ నుంచి వదిన ఫోన్లో రికార్డు చేసి నాకు పంపిన మాట. పదకొండు సెకన్లు.

"ఏమే, ముందుగది కర్టెన్లు తీసి నానబెట్టవే. దుమ్ము కొట్టుకుపోయి నా వల్ల కావట్లేదు. ఈసారన్నా మర్చిపోకే, మొద్దూ."

ఆ రోజు నేను నిజంగానే మర్చిపోయాను.

పదకొండు సెకన్లతో కొత్త గొంతు చేయలేం అంది డాక్టరమ్మ. కానీ ఆ మాటను ఉన్నదున్నట్టు ఒక మీటగా పెట్టుకోవచ్చట, నొక్కితే అదే వినపడుతుందట. అమ్మాయి తెరమీద మొదటి గడిలో పెట్టింది. ఆ రోజు నుంచి వదిన ఆ బస్‌స్టేషన్ గొంతును డాక్టర్ల కోసం, వచ్చేపోయే వాళ్ళ కోసం ఉంచుకుంది. నాకు మాత్రం కర్టెన్ల మాటే. దాహమైతే కర్టెన్లు. దిండు జారితే కర్టెన్లు. ఏమీ తోచకపోయినా కర్టెన్లే. నేను వంటింట్లోంచి "వస్తున్నా వదినా, నానబెడుతున్నా" అంటూ పరుగెత్తేదాన్ని. ఆ మాట వినపడినంతసేపు నాకు ధైర్యం. వినపడకపోతే గుమ్మం దగ్గరికి వెళ్ళి ఊపిరికి చెవి పెట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం గంట దాటినా వినపడలేదు. గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి అడుగు పెట్టడానికి భయపడి ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. లోపలికి వెళ్ళేసరికి ఆమె వేలు ఆ మొదటి గడి పక్కనే ఉంది. నొక్కిందో, నొక్కబోయిందో. నేను ఆ వేళ కుళాయి కింద గిన్నెలు కడుగుతున్నాను. నీళ్ళ చప్పుడులో వినపడలేదేమో. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే చెబుతున్నాను.

నిన్న అమ్మాయి వచ్చి ఇల్లంతా దులిపింది. బకెట్లో సబ్బునీళ్ళు కలిపి, ముందుగదిలో స్టూలు వేసుకుని ఎక్కింది. "అమ్మా, వీటి రంగేదో కూడా తెలియట్లేదు, అత్త చూస్తే ఊరుకునేదా?" అంటూ కర్టెన్ కొక్కేనికి చెయ్యి వేసింది. నేను దాన్ని దిగమన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేకపోయాను. అవి ఉతికేస్తే ఆ పదకొండు సెకన్లకు ఇంక పని ఉండదు, వదిన నన్ను ఊరికే తిట్టినట్టవుతుంది.

అమ్మాయి దిగింది. ఆ సబ్బునీళ్ళతో నేను వాకిలి కడుక్కున్నాను. కర్టెన్లు అలాగే ఉన్నాయి.