పగలని గాజు కెటిల్

ఒక టీ కెటిల్ బరువు ముప్పై ఏళ్లుగా మోస్తున్నాను. గాజుది. తూస్తే అర కిలో కూడా ఉండదు.

వెంకటాచలంలో మా ఇంటి కిటికీలో దాన్ని చూసి ఎవరైనా అడిగితే, కృష్ణపట్నంలో ఓడ కెప్టెన్ ఇచ్చినాడని చెబుతుంటాను. సముద్రంలో మునిగిపోతున్న అతన్ని నేనే జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగినానని కూడా. ఈమధ్య అలల ఎత్తు కాస్త పెంచినాను. నాకు ఈత రాదు. కెప్టెనూ లేడు. మీకైనా నిజం చెప్పాలి.

అది మస్తాన్‌ది. నా స్నేహితుడు. నాయుడుపేటలో పాత సామాన్ల అంగడి అతనిది. అప్పట్లో నా ఉద్యోగమూ, కాపురమూ అక్కడే. మద్రాసులో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే తెచ్చినాడు. పువ్వు లేదు, నగిషీ లేదు. నీటిబొట్టును పట్టి నిలబెట్టినట్టు ఉంటుంది. లోపలి గాజు గొట్టంలో టీ ఆకు వేస్తే రంగు సన్నగా దిగడం కనిపిస్తుంది. అమ్మకుండా అంగట్లోనే పెట్టుకుని రోజూ అందులోనే టీ కాచేవాడు. "పొయ్యి మీద పెట్టినా పగలదు" అని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

మా ఆఫీసరు ఇంటికి వస్తున్నాడని ఒక పూటకి అడిగి తెచ్చుకున్నాను. ఆఫీసరు రానేలేదు. ఒంటిగాణ్ణి, నేనే కాచుకుని తాగినాను. తిరిగివ్వబుద్ధి కాలేదు. అంతే. ఇంత చిన్న కారణానికి అంత పని చేస్తారా అని, ఇంకేదైనా పెద్ద కారణం దొరికితే బాగుండునని ఇప్పటికీ లోపల వెతుకుతుంటాను. దొరకదు.

మర్నాడు అంగడికి పోయి నలుగురిలో చెప్పినాను.

"పొయ్యి మీద పెట్టినానో లేదో, టప్పున పగిలింది మస్తానూ. ముక్కలు పైకప్పు దాకా ఎగిరినాయి!"

అతను నా చేతులకేసి చూసినాడు. "కాలిందా అన్నా?"

"లేదు."

"పోనీలే. ముక్కలు ఏ మూలనో ఉంటాయి. చెప్పుల్లేకుండా తిరగబాక."

ఒక్క ముక్కా లేని నేల మీద నాలుగు రోజులు చెప్పులేసుకుని తిరిగినాను. ఎందుకో చెప్పలేను.

బజారంతా అతన్ని ఆటపట్టించింది. "ఏం మస్తానూ, పగలని గాజు ఇంకోటుందా?" అతను నవ్వినాడు. నేనూ నవ్వినాను. ఆ తర్వాత అతను ఏ వస్తువు గురించీ గట్టిగా చెప్పలేదు. "నాకేం తెలుసండీ, చూసుకుని తీసుకోండి" అనేవాడు.

అతన్ని ఇంటికి పిలవలేకపోయినాను. అతన్ని ఎరిగినవాళ్లనీ పిలవలేకపోయినాను. తలుపు చప్పుడైతే కెటిల్ బియ్యం డబ్బాలోకి పోయేది. పోనుపోను తలుపు చప్పుడవడమే మానింది. నాలుగు కప్పులు పట్టేదాంట్లో ఒక్క కప్పు కాచుకోవడం అలవాటైంది.

పోయినేడు మస్తాన్ చనిపోయినాడు. అప్పుడే కెటిల్‌ని కిటికీలోకి తెచ్చినాను. సిగ్గుందా నాకు?

రోజూ పొయ్యి మీద పెడుతున్నాను. ఒక్కోసారి మంట పెంచి చూస్తాను. పగిలితే నా అబద్ధమైనా నిజమవుతుందని. గీత కూడా పడదు.

ఆరోజు బజారులో చెప్పాల్సిన మాట ఇక్కడ చెబుతున్నాను. అది పగల్లేదు. మస్తాన్ చెప్పింది నిజం.