వాల్వు మీద తిలకం గీత

మా చిన్నప్పుడు... బాలానగర్‌ల మా నాయన షెడ్డుల ఇంజన్ విప్పిండంటే చాలు, ఇంట్ల మా అమ్మ తిలకం సీసా మాయమైతుండె!

అమ్మ మొత్తుకునేది... "నా బొట్టుకు లేదు గని మీ ఇంజన్‌కు కావాల్నా!" నాయన నవ్వుకుంట షెడ్డుకు పోతుండె.

సంగతేందంటే... జీపు ఇంజన్ల క్యామ్‌షాఫ్ట్ అరిగితే గ్రైండింగ్ చేయించి మళ్ల ఏసేటోళ్లు. గ్రైండింగ్ అయినంక అది జర సన్నబడ్తది. ఇగ దాని మీద నిలబడి వాల్వును కదిలించే పుష్‌రాడ్... పాతదే పెడితే పొట్టిగైతది. "పాత రాడ్లే పెట్టి, స్క్రూ తిప్పి సర్దుడు నాతోని కాదు" అనెటోడు నాయన.

అందుకే ఒక పాత రాడ్‌ను నడిమికి కోసి, మధ్యల మరల కడ్డీ పెట్టి, పొడుగు పెంచి తగ్గించే కొలత రాడ్ సొంతంగ చేసుకున్నడు. దాన్ని పెట్టి, వాల్వు తల మీద తిలకం రాసి, ఇంజన్‌ను చేత్తోని రెండు చుట్లు తిప్పెటోడు. పైన వాల్వును నొక్కే రాకర్ రాసుకున్న కాడ తిలకం పోయి సన్నటి గీత పడేది. గీత నట్టనడుమ పడితే కొలత సరిపోయినట్టు... పక్కకు జరిగితే మళ్ల మొదటికే.

నాయనకు దగ్గరి చూపు ఆనకపోతుండె. "సరితా... ఇటు రా బిడ్డా, గీత ఏడ పడ్డదో జూడు" అని మా చెల్లెను పిలిచెటోడు. టార్చి పట్టుకునుడు నా పని.

నేను పెద్దదాన్ని... లెక్కలల్ల క్లాసుకే ఫస్టు. చెల్లె పాసయితేనే గొప్ప. అయినా అది వంగి చూసి, "ఇంకింత పొడుగు గావాలె నాయనా" అంటే, ఆయన దాని నెత్తి నిమిరెటోడు. అది జూస్తే నా కడుపుల బొగ్గులు రాజుకునేటియి. ఒక్కసారన్న నన్ను పిలుస్తడని టార్చి పట్టుకొని ఎదురు చూసేదాన్ని. పిలవలే.

ఒకరోజు పెండ్లి కిరాయికి పోవాల్సిన జీపొచ్చింది. చెల్లె చూసి "నట్టనడుమ!" అన్నది. నాయన చేతులు కడుక్కోనీకి పోయిండు. నేను... నట్టు వదులు చేసి, కొలత రాడ్‌ను మూడు చుట్లు పొడుగు తిప్పి, మళ్ల బిగించిన.

నాయన చెల్లె కన్నునే నమ్మిండు. మళ్ల చూసుకోలే. ఆ కొలతకే పక్క లేత్ షాపుల ఎనిమిది రాడ్లు చేయించి తెచ్చిండు. బిగిస్తే... వాల్వులు మూసుకుంటలేవు, ఇంజన్ స్టార్టయితలేదు. జీపాయన పరేషానై నోటికొచ్చినట్టు తిట్టిండు. ఎనిమిది రాడ్లూ తుక్కుల వడ్డయి.

నాయన చెల్లె దిక్కు చూసి, "ఇంట్లకు పో బిడ్డా" అన్నడు... గంతే. అది ఏడ్చుకుంట పోయింది.

ఇగ రేపటి సంది నన్నే పిలుస్తడనుకున్న. తెల్లారే నాయన కండ్లద్దాలు తెచ్చుకున్నడు. మళ్ల ఎవ్వల్నీ పిలవలే... నా టార్చి గుడ అవసరం పడలే.

ఇప్పుడు నేను రాయదుర్గంల పెద్ద ఆఫీసుల టీం లీడ్‌ను. చెల్లె ప్రగతి నగర్‌ల బట్టలు కుడుతది, నాయన దాని దగ్గర్నే ఉంటడు. మొన్న ఆదివారం పోతే... పక్కనే నేను కూసోనుండంగ, దగ్గు మందు సీసా పట్టుకొని, కండ్లద్దాలతోని గుడ ఆనక, "సరితా... గీ చిన్న అక్షరాలు జూడు బిడ్డా" అని వంటింట్లకు కేకేసిండు. ఇన్నేండ్లకు మళ్లా దాన్నే! ఈ వయసుల గుడ నాకు కడుపు మండిందంటే నమ్ముతరా...

వంటింట్లకు పోయి దాని ముంగట కక్కేసిన. "ఆ కొలత రాడ్ తిప్పింది నేనే సరితా."

అది కూర కలుపుకుంటనే, "తెలుసక్కా... ఆ దినం నీ గోళ్లల్ల గ్రీజుండె" అన్నది.

"మరి నాయనకు ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే నిన్ను షెడ్డుల అడుగు వెట్టనియ్యకపోతుండె... నువ్వేమో టార్చి పట్టుకొని నిలబడుడే పెద్ద పండుగ లెక్క జేస్తుంటివి."

ఏడుపొచ్చింది... దాంతో పాటే కుళ్లు గుడ. గింత మంచి గుణం గుడ దేవుడు దానికే ఇయ్యాల్నా!

మా ఆఫీసు కింద ఇప్పుడు చార్జింగ్ పెట్టే కార్లు వరుసగ ఉంటయి... వాటికి క్యామ్ లేదు, పుష్‌రాడ్ లేదు. తిలకం సీసా కోసం మొత్తుకునే అమ్మలూ లేరు.

మీ ఇంట్ల మీరు ఎవల మీద కుళ్లుకున్నరో, సిగ్గువడకుండ కింద రాయుండ్రి... నేనైతే రాసేసిన. నాయనకు మాత్రం ఇంకా నోటితోని చెప్పలే. ఫోన్ల అక్షరాలు ఆయనకు ఆనవు... ఈ పోస్టు ఆయనకు సదివి వినిపించేది గుడ మా చెల్లెనే.