విమానపోళ్ళ ఢిల్లేశ్వరరావు

వజ్రపుకొత్తూరు అవతల, సముద్రం హోరు వినపడే ఊళ్ళో ఢిల్లేశ్వరరావుకు రెండు ఇంటిపేర్లున్నాయి. ఒకటి ఆధార్ కార్డులో ఉంది. దానితో ఆయన్ని ఒక్కరూ పిలవరు. రెండోది విమానపోళ్ళు. ఆ ఇంట్లో ఎవరూ విమానం ఎక్కలేదు. పేరులో ఢిల్లీ ఉంది గానీ మనిషి పలాస స్టేషను దాటి వెళ్ళింది రెండుసార్లే, రెండుసార్లూ విశాఖపట్నం ఆస్పత్రికే.

ఆ ఇంటిపేరు తాత కూర్మయ్య సంపాదన. పెద్ద యుద్ధం రోజుల్లో బర్మా మీద బాంబులు వేసి తిరిగొస్తున్న విమానం ఒకటి ఈ తీరాన సముద్రంలో పడింది. లోపల ఎనిమిదిమంది తెల్లవాళ్ళు. ఒక్కడూ దొరకలేదు. ఆ వారంలోనే కూర్మయ్య మొగలి పొదల వైపునుంచి ఏదో మూట చంకన పెట్టుకుని వస్తూ ఎవరి కంటనో పడ్డాడు. సాయంత్రానికి ఆ మూట పెట్టె అయింది. మర్నాటికి పెట్టెకు తాళం కూడా వచ్చింది.

పెట్టెను చూసినవాడు లేడు. అందువల్ల దాని ఎదుగుదలకు అడ్డమూ లేకపోయింది. కూర్మయ్య కాలంలో అందులో వెండి రూపాయలుండేవి. కొడుకు కాలానికి బంగారు కడ్డీలయ్యాయి. ఢిల్లేశ్వరరావు నాటికి ఊళ్ళో చదువుకున్నవాళ్ళు పెరిగారు కనుక ఎర్ర పాదరసం అన్నారు, బియ్యాన్ని లాగే రైస్ పుల్లర్ అన్నారు. ఆ కుటుంబం మాత్రం అదే పెంకుటింట్లో అదే గంజి తాగుతూ ఉండిపోయింది. ఎంత గుట్టు మనుషులో అని ఊరు మెచ్చుకుంది.

పిల్లనివ్వడానికి వచ్చిన మామగారు పెళ్ళికొడుకు ముఖం కంటే ఇంటి గోడల్నే ఎక్కువ చూశాడు. వేలి మెటికలతో తట్టాడు. ఒకచోట బోలుగా శబ్దం వచ్చింది. అది ఎలుకల పుణ్యం. ఆయన ముఖం వెలిగిపోయింది, ఆయన కూతురు పెద్దతల్లి ఆ ఇంటి కోడలైపోయింది. కాపురానికొచ్చిన తొమ్మిదో రోజున ఆవిడ గునపంతో పొయ్యి పక్కన తవ్వుతూ మొగుడికి దొరికింది.

"ఏటి సేత్తన్నావే?"

"మీ తాత పెట్టి ఎతుకుతన్నాను మావా. దాసింది సాలు, ఎక్కడుందో సెప్పు."

"మాకాడ ఏ పెట్టీ నేదే."

"నేదా? మరి మా అయ్యకి ఏటని సెప్పాల?"

"గోడల్లో ఎలకలున్నాయని సెప్పు."

పెద్దతల్లి గునపం పక్కన పడేసి పకపకా నవ్వింది. గొయ్యి ఆమే పూడ్చుకుంది. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఎవరు పెట్టె మాటెత్తినా, "ఉన్నాది బాబూ, నిన్ననే ఎండలో పెట్టినాను, సెమ్మగిల్లిపోనాదని" అని సమాధానం చెప్పేది. కొందరు నిజంగానే పెరట్లోకి తొంగిచూసేవారు.

తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఢిల్లేశ్వరరావు కొబ్బరితోట మొత్తం పడుకుంది. చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. పరామర్శకు వచ్చినవాళ్ళు పడిన చెట్లను చూడలేదు, చెట్లు లేచిన గోతుల్లోకి వంగి చూశారు. ఒకాయన టార్చిలైటు కూడా తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆ ఎనిమిదిమందిని వెతుక్కుంటూ విదేశం నుంచి మనుషులొచ్చారు. ఎముకల చదువు చదివిన ఒకాయన, డెబ్బై దాటిన ఒకావిడ. విమానంలో పోయినవాళ్ళలో ఒకడు ఆవిడకు మేనమామ. మాట అటూ ఇటూ చెప్పడానికి టెక్కలి నుంచి ఇంగ్లీషు లెక్చరరు కృష్ణప్రియ వచ్చింది. పైనుంచి వచ్చి శాంపిళ్ళు పట్టుకుపోయేవాళ్ళు కిడ్నీ జబ్బుల ఉద్దానం ప్రాంతానికి కొత్త కాదు. ఇన్నాళ్ళూ రక్తం, తాగే నీళ్ళు. ఈసారి మట్టి.

బడి వరండాలో మీటింగు పెట్టారు. చూడబోతే విమానం పడిన రోజున ఊళ్ళో తాతలందరూ సముద్రపు ఒడ్డునే ఉన్నారు, పొలానికి ఒక్కడూ పోలేదు. మాజీ సర్పంచి జగదీశ్వరరావు తాత అయితే పైలెట్టుకు స్వయంగా కొబ్బరిబొండం కొట్టి ఇచ్చాడు.

"సానా బాగున్నాది అన్నాడంటమ్మా ఆ పైలెట్టు."

"ఏ భాషలో అన్నాడండీ?" అని అడిగింది కృష్ణప్రియ.

"బొండం తాగినోడికి బాసెందుకమ్మా?"

ముసలావిడ మొదట అన్నీ శ్రద్ధగా రాసుకుంది. ఆరో తాత దగ్గర కలం మూసేసింది. ఒళ్ళో ఉన్న మేనమామ ఫొటోను బోర్లించి, మర్యాదగా నవ్వుతూ కూర్చుంది. వెనకాల స్తంభానికి ఆనుకుని నిలబడ్డ ఢిల్లేశ్వరరావుకు ఆ నవ్వు గుచ్చుకుంది. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని, తినకుండానే చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళు మొగలి పొదల దగ్గర టేపులు పట్టుకుని కొలుస్తూంటే వెళ్ళాడు. ఇతనికి ఏమైందో తెలియక పెద్దతల్లి వెనకే వచ్చింది.

"మేడంగారూ, ఆవిడకి ఒక మాట సెప్పాల. మా తాత పెట్టి తెచ్చుకోనేదు. బూట్లు తెచ్చుకున్నాడు."

కృష్ణప్రియకు అర్థం కాలేదు. ఆయన చెప్పుకుపోయాడు.

"నౌపడ ఉప్పు మళ్ళల్లో కూలికెల్లీవోడు. ఉప్పుకి పాదాలు పుళ్ళయిపోయి నడవనేకపోయీవోడు. అదిగో ఆ దిబ్బకాడ శవం కొట్టుకొచ్చి ఉన్నాది. కాళ్ళకి బూట్లున్నాయి. ఇప్పుకున్నాడు. ఇప్పినాక బయమేసింది, శవాన్ని సూత్తే పోలీసోళ్ళు బూట్లేవని అడుగుతారని. గొయ్యి తీసి కప్పీసినాడు. దయతో కాదమ్మా, బయంతో. మా అయ్య పోయీముందు నాకు సెప్పినాడు. నాను ఎవరికీ సెప్పనేదు."

పెద్దతల్లి మొగుడి ముఖం వదిలి, ఆయన చూపించిన దిబ్బ వైపు నడిచింది.

కృష్ణప్రియ గొంతు తగ్గించి అడిగింది. "శవం కనిపిస్తే పూడ్చారని చెప్తాను, చాలదా? బూట్ల సంగతి ఎందుకు?"

"మొత్తం సెప్పీయండి. అబద్దాలు నిన్న సానా విన్నాది పాపం."

ఆమె మొత్తం చెప్పింది. ముసలావిడ ఇసుకవైపు చూస్తూ విన్నది. ఆవిడ ఒక మాట అడిగితే కృష్ణప్రియ తెలుగులో చెప్పింది.

"ఆ బూట్లు మీ తాతగారికి సరిపోయాయా అంటున్నారు."

"నేదమ్మా. సానా పెద్దయి. కొబ్బరిపీచు కుక్కుకుని తొడుక్కున్నాడట."

ఆవిడ చేత్తో నోరు మూసుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు, రెండూ కావచ్చు. తన మేనమామ పాదాలు ఎంత పెద్దవంటే ఊళ్ళో ఏ దుకాణంలోనూ జోడు దొరికేది కాదని అమ్మ చెప్పేదట. ఆ అమ్మ చనిపోయేదాకా ఏటా తమ్ముడి పుట్టినరోజుకు ఒక గ్రీటింగు కార్డు కొని బీరువాలో పెట్టేదట.

ఢిల్లేశ్వరరావు తల ఎత్తలేకపోయాడు. "తప్పయిపోనాది" అన్నాడు.

"మీ తాతగారి పుళ్ళు మానాయా అని అడుగుతున్నారు," అంది కృష్ణప్రియ.

"మానినాయమ్మా."

ఎనభై ఏళ్ళు కనిపించని మనిషి కోసం రెండు గజాల ఇసుక తవ్వుకోవడానికి మూడు ఆఫీసుల అనుమతి కావలసివచ్చింది. పదకొండు రోజులు పట్టింది. తవ్విన మూడోనాడు కాలి ఎముకలు, బెల్టు బకిలీ బయటపడ్డాయి. గుమిగూడిన మగాళ్ళు తలగుడ్డలు విప్పారు. అంతలో వెనకనుంచి ఎవరో, "పెట్టి ఇంకా కిందుంటాదేటి?" అన్నారు.

ఇంటికొచ్చాక పెద్దతల్లి నిలదీసింది. "నీ ఇంటికొచ్చి గొయ్యి తవ్వినదాన్ని నాను. నాకైనా సెప్పనేకపోనావా?"

"బంగారం దొంగలంటే నవ్వుకున్నానే. శవం కాళ్ళ బూట్లిప్పినోడి మనవడంటే సిగ్గేసింది."

రెండు రోజులు ఆవిడ మాట్లాడలేదు. మూడో రోజున చేపలపులుసు పెట్టి, ఉప్పు ఎక్కువైందా అని అడిగింది. ఎక్కువైంది. లేదన్నాడు.

ఏడాదిన్నరకు పరీక్షల ఫలితం వచ్చింది. ఆవిడ మేనమామే. పేరు వాల్టర్, పోయేనాటికి ఇరవై రెండేళ్ళు. మిగతా ఏడుగురు సముద్రంలోనే ఉన్నారు. ఒక ఆదివారం కృష్ణప్రియ వచ్చి, అక్కడ జరిగిన అంత్యక్రియల వీడియో ఫోనులో చూపించింది. సైనికులు జెండాను బట్టల షాపువాళ్ళ కంటే నీటుగా మడత పెట్టారు. నల్లబట్టల మనుషులు పెదవులు బిగించి నిలబడ్డారు.

"ఏటమ్మా, ఒక్కరూ ఏడవడం నేదు?" అంది పెద్దతల్లి.

"వాళ్ళ పద్ధతి అంతేనండి."

"అన్నేళ్ళకి దొరికినోడికి ఒక్క ఏడుపు నేకపోతే ఎలాగమ్మా?"

ఆవిడ కొంగు దోపుకుని గుమ్మంలో చతికిలబడింది. "ఓలమ్మో, వాల్టరూ, నా నాయినా, ఇరవై రెండేళ్ళకే నీళ్ళపాలైపోనావా నాయినా" అంటూ, ఆ ఊళ్ళో పోయినవాళ్ళకు ఎలా ఏడుస్తుందో అలాగే, రాగం తీసి, గుండె బాదుకుంటూ ఏడ్చింది. కృష్ణప్రియకు వీడియో ఆపాలో వద్దో తెలియలేదు. ఢిల్లేశ్వరరావు కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఏడుపు విని వీధి వీధంతా కదిలివచ్చింది. "ఎవులు పోనారు? ఎవులు పోనారు?" అంటూనే ఇద్దరు ఆడవాళ్ళు, జవాబు కోసం ఆగకుండా, పెద్దతల్లి పక్కన కూర్చుని అందుకున్నారు. ఢిల్లేశ్వరరావు అరుగు మీద చాప పరిచాడు.

"కూకోండి," అన్నాడు. "సెప్తాను."