లేటెక్ నేర్చుకుని థీసిస్ పూర్తి చేసిన మా నాగమణి

నిన్న పొద్దున నాగమణి నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే వాళ్ల నాయన గొంతు.

"ఆస్పత్రికి పోవద్దమ్మా. పెనుకొండకే రా. మా పాప ఇంక లేదు."

ఫోన్ పెట్టేసి వాళ్ల ఊరు పెనుకొండకు బయల్దేరాను.

ధర్మవరంలో నేను, నాగమణి ఒకే కాలేజీలో మ్యాథ్స్ చెప్పేవాళ్లం. పీహెచ్‌డీ చివరికొచ్చేసరికి ఆమెకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వాళ్ల నాయన తన కిడ్నీ ఇస్తానన్నాడు. ఆయన షుగర్ చూసి డాక్టర్లు కుదరదన్నారు.

అప్పటినుంచి హిందూపురంలో డయాలసిస్.

అదే సమయంలో యూనివర్సిటీ వాళ్లు థీసిస్ వెనక్కి పంపారు. వర్డ్‌లో ఈక్వేషన్లన్నీ చెదిరిపోయాయి, లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి ఇవ్వమన్నారు. అందులో ప్రతి గుర్తుకూ ఒక కమాండ్ కొట్టాలి. ఒక్క బ్రాకెట్ మూయడం మరిచిపోతే పేజీయే రాదు.

కోర్సులో చేరే ఓపిక ఆమెకు లేదు. నెట్‌లో దొరికిన చిన్న రిఫరెన్స్ గైడ్‌ను ప్రింట్ తీసి లామినేషన్ చేయించుకుంది. ఏ గుర్తుకు ఏ కమాండో అందులో ఉంటుంది.

డయాలసిస్ బెడ్ మీద ఎడమ చేతికి సూదులు. కుడి చేత్తో టైపింగ్. గైడ్ నేను పట్టుకునేదాన్ని.

"కాసేపు పండుకోమ్మా," అని నర్స్ కోప్పడేది.

"పండుకుంటే ఈ టైము మళ్లా ఎవురిస్తారక్కా నాకు?" అనేది నవ్వుతూ.

ఒకరోజు పెద్ద ఇంటిగ్రల్ ఒకటి స్క్రీన్ మీద సరిగ్గా వచ్చింది. పక్క బెడ్ పెద్దామెకు కూడా ల్యాప్‌టాప్ తిప్పి చూపించింది. ఆమెకేం అర్థమైందో గానీ, "బాగుండాది పాపా," అంది.

ఇంకోరోజు బీపీ పడిపోయి, టైప్ చేస్తూ చేస్తూనే స్పృహ తప్పింది. ల్యాప్‌టాప్ జారిపోతుంటే పట్టుకున్నాను. కళ్లు తెరిచాక మొదటి మాట, "సేవ్ చేసినావా?"

చేశానన్నాను. మళ్లీ కళ్లు మూసుకుంది.

అలాగే కూర్చుని, రెండు వారాలు తిరక్కముందే ఆ గైడ్ అవసరం లేకుండా టైప్ చేసే స్థితికి వచ్చింది. థీసిస్ మొత్తం తనే మళ్లీ టైప్ చేసి పోయిన నెల సబ్మిట్ చేసింది. డాక్టరేట్‌కు చివరి ఇంటర్వ్యూ, ఆ వైవా డేట్ ఇంకా రాలేదు.

నిన్న తెల్లవారుజామున గుండె ఆగిపోయింది.

మధ్యాహ్నం పెనుకొండలో వాళ్ల నాయన నన్ను పక్కకు పిలిచాడు.

"ఫ్లెక్స్ ఏసే ఆయప్ప పేరడుగుతాండాడు. ముందర డాక్టర్ అని ఎయ్యచ్చునామ్మా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"వైవా అయితే గానీ డాక్టర్ రాదు పెద్దనాయనా."



"అట్లయితే వద్దులేమ్మా. రానిది తగిలిస్తే పాప ఒప్పుకోదు."

కండువాతో కళ్లు తుడుచుకుని, తనే వెళ్లి ఫ్లెక్స్ ఆయనకు చెప్పాడు. నాగమణి, మ్యాథ్స్ లెక్చరర్. అంతే రాయమని.

పోయిరా మణీ. ఎక్కడున్నా నొప్పి లేకుండా, నిమ్మళంగా ఉండు తల్లీ.