నాలుక తీసేయనీయని డాక్టరుగారు

మా గురువర్యులు, కర్నూలు డాక్టర్ వేంకటసుబ్బయ్యగారు మొన్న ఆదివారం ఉదయం హఠాత్తుగా పరమపదించారు. కబురు తెచ్చిన కాంపౌండరును నోర్ముయ్యమని కసిరాను. ముందురోజు సాయంత్రం దాకా రోగులను చూసిన మనిషి తెల్లవారేసరికి లేరంటే నమ్మేదెలా?

ఆయన దగ్గర చేరిన కొత్తలో నా చదువు మీద నాకు కొండంత గర్వం. అప్పుడు కోడుమూరు దస్తగిరి వచ్చాడు. వేరుసెనగ మండీలో ధరలు అరుస్తూ వేలంపాట పాడి ఐదుగురు పిల్లలను సాకేవాడు. నాలుక పక్కన పుండు, బుగ్గన పొగాకు. క్యాన్సరేనని తేల్చి, మద్రాసులో నాలుక తీయించమని ఉత్తరం రాసిచ్చాను.

"నాలికె పోతే పాట యాడ పాడేది సార్? పిల్లోళ్లు ఏం తినాల?" అంటూ గోడకు జారగిలబడ్డాడు.

గురువుగారు ఉత్తరం చదివి పక్కన పెట్టారు. తాను తాగే గ్లాసుతోనే అతనికి నీళ్ళిచ్చారు. నోటిజబ్బుతో ఎవరొచ్చినా ఆయన పద్ధతి అదే. గ్లాసు తర్వాత మరిగే నీళ్ళలో పడేది. "నోరు తెరిపించే ముందు, మింగేటప్పుడు ముఖం చూడవయ్యా" అనేవారు. ఒక్క గుక్కకే దస్తగిరి బాధతో కళ్ళు మూసుకున్నాడు.

"దగ్గుతాండావా?" అని అడిగారు గురువుగారు.

"లేదు సార్."

"నా గ్లాసులో తాగినావు. ఇంక నా కాడ దాచేదేముందప్పా?"

అతడు తల వంచుకున్నాడు. "శానా దినాలుగా దగ్గుతాండా సార్. చెప్తే మండీలో నీళ్ళకుండ ముట్టనీరు."

కళ్ళె పరీక్ష చేస్తే అందులో క్షయక్రిములు కనబడ్డాయి. అయితే పుండూ క్షయదేనని నేను పొంగిపోతే ఆయన మందలించారు. "ఊపిరితిత్తుల్లో క్షయ ఉంటే నాలుక మీద క్యాన్సర్ రాకూడదని ఉందా? గోరంత ముక్క తీసి మద్రాసు పంపు. కోసేసిన నాలుకను అతికించే విద్య మనకు లేదు."

జవాబు వచ్చేదాకా గురువుగారికీ నాకూ అన్నం సయించలేదు. నిజంగా క్యాన్సరే అయితే, ఈ ఆలస్యంతో మేమే అతణ్ణి చంపుతున్నట్లు. పోస్టుమాన్ కనబడితే వాకిట్లోకి పరుగెత్తేవాణ్ణి. చివరకు ముక్కలోనూ క్షయేనని రాసి వచ్చింది. నెలల తరబడి సూదులు, మాత్రలు వాడాక పుండు పూడింది. కళ్ళెలో క్రిములు పూర్తిగా పోయాకే దస్తగిరిని మళ్ళీ పాటకు పంపారు. నా తొందరపాటును గురువుగారు బతికినన్నాళ్ళూ ఎవరి ముందూ ఎత్తలేదు. అందుకే సిగ్గు విడిచి నేనే చెబుతున్నాను.

ఆ పుణ్యమూర్తికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈ ఉదయం కమలాపురం నుంచి ఒకావిడ పంటి చిగురు మీద పుండుతో వచ్చింది. ఎంతసేపు చూసినా క్షయో, మరొకటో తేలలేదు. అలవాటుకొద్దీ, గురువుగారు కూర్చునే పక్కగదివైపు లేచాను.

"యాడికి పోతాండారు సార్?" అందామె భయంగా.

"ఎక్కడికీ లేదమ్మా" అని మళ్ళీ కూర్చున్నాను.