తమ్ముడి నెత్తిలో బొక్కలు

మొన్న మొయినాబాద్‌లో నా స్నేహితురాలు తన పసివాడి మాడుకు ఆముదం అద్దుతుంటే, ఆ వాసనకు మా తమ్ముడు గుర్తొచ్చాడు.

వాడు పుట్టినప్పుడు నాకు ఆరేళ్లు. చేవెళ్లలో మాది కిరాణా దుకాణం. పసివాడికి నీళ్లు పోయడానికి మల్లవ్వ అనే పెద్దావిడ వచ్చేది. వాడి నడినెత్తి మీద, లోపలి నుంచి ఎవరో తడుతున్నట్టు మెత్తగా కొట్టుకునే చోట వేలు పెట్టబోయాను.

"ముట్టకు బిడ్డా. బొక్కలింక కలువలే," అన్నది మల్లవ్వ.

బొక్క అంటే ఎముక అని నాకు తెలియదు. మా ఇంట్లో మాంసం వండరు. నాకు తెలిసిన బొక్కలు బియ్యం బస్తాలకు ఎలుకలు పెట్టేవి. రెండు బొక్కలు కలిసి పెద్దదైతే బియ్యమంతా కారిపోయేది. తమ్ముడి నెత్తిలోనూ అలాంటివే ఉన్నాయని, అవి కలిసిన రోజు వాడు మాకు దక్కడని బెంగపడ్డాను. ఎండాకాలంలో కూడా వాడి ఉన్ని టోపీ తీయనిచ్చేదాన్ని కాదు.

వాడు తప్పటడుగులు వేసే రోజుల్లో మల్లవ్వ దుకాణానికి వచ్చి, వాడి తల తడిమింది. "బొక్కలు కలిసినయి. ఇగ ఫికర్ లేదు," అన్నది. నేను వాడి తలను రెండు చేతులతో కప్పి ఏడ్చాను. నా భయమేమిటో విన్నాక కూడా ఆమె నవ్వలేదు. నా వేలు పట్టుకుని వాడి నడినెత్తిన పెట్టింది.

"బొక్క అంటే గిదే బిడ్డా. ఎట్లున్నదో చూడు."

రాయిలా గట్టిగా ఉంది.

పుర్రె ఎముకల మధ్య ఆ సందు మెదడు పెరగడానికేనని పెద్దయ్యాక చదువుకున్నాను. ఆ సాయంత్రం మాత్రం, వాణ్ని కాపాడింది నేనేనన్న గర్వంతో చంకనెత్తుకుని బజారంతా తిరిగాను. ఎదురైన ప్రతి ఒక్కరి చేతా వాడి తల తడిమించాను.