లేని బ్రేకు

పెద్దాయనకు డ్రైవింగు రాదు. ఆ ఖరీదైన కారును ఇన్నేళ్లూ నడిపింది ఆయన భార్యే. తన చూపు మందగించాక అమ్మేద్దామన్నదీ ఆవిడే. మెత్తటి తువ్వాలుతో తలుపులు మరోసారి తుడుస్తూ, "ఒక్క గీత కూడా పడలేదమ్మా" అన్నాడాయన, కొనడానికొచ్చిన డాక్టరమ్మతో, తనే నడిపినంత గర్వంగా. డాక్టరమ్మ లోపలికి తొంగిచూసి, డ్రైవరు పక్కసీటు ముందు కాళ్ల కింద వేసే మ్యాట్ దగ్గర ఆగింది.

"అన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. ఇదొక్కటే ఇలా చిల్లుపడిందేమిటండీ?"

పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. "ఎదురుగా లారీ వస్తే నా కాలు ఊరుకోదమ్మా. లేని బ్రేకు తొక్కేస్తుంటాను."

"పర్లేదులెండి, కొత్తది వేయించుకుంటాను" అని నవ్విందామె.

గుమ్మంలోంచి భార్య గొంతు వినిపించింది. ఇన్నేళ్లూ ఆ కాలిని వెక్కిరించిన గొంతే.

"అయితే ఆ పాతది ఇటిచ్చెయ్యమ్మా. బండికి గీత పడనివ్వంది ఆ బ్రేకే."